కింద గ్యాస్ ఉందట, సంతకం పెట్టమంటారా?

పొలం గట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, నాకు 64 ఏళ్లు. నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో కాలువ కింద 6 ఎకరాల మాగాణి ఉంది. మోకాళ్లు అరిగిపోయి నాలుగేళ్లుగా కౌలుకిస్తున్నాను. మా అబ్బాయి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి అక్కడ 52 ఎకరాల పొలం కొన్నాడు. ఇప్పుడు గ్యాస్ కంపెనీ వాళ్లు వచ్చి ఫ్రాకింగ్ (భూమి లోపలి రాయిని పగలగొట్టి గ్యాస్ తీయడం) కోసం లీజుకివ్వమని అడుగుతున్నారట. సంతకం పెట్టగానే ఎకరాకి ఇంతని డబ్బు, తర్వాత గ్యాస్ పడితే అందులో ఎనిమిదో వంతు అంటున్నారట. ఏం చేద్దాం నాన్నా అని వాడు అడిగాడు. ఈ సంగతి నేను టీ కొట్టు దగ్గర నోరు జారాను. వారం తిరక్కుండా పక్క ఊరి ఏజెంటు ఇంటికొచ్చాడు. ‘మన డెల్టాలో కూడా గ్యాస్ ఉంది పెద్దాయనా, కంపెనీ రాకముందే అగ్రిమెంటు రాసుకుంటే ఎకరాకి ఏటా 40 వేలు, పదేళ్లు మీకు దిగుల్లేదు’ అంటున్నాడు. 50 వేలు అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు. కాగితం ఫొటో పంపుతున్నాను. మా ఆవిడ వద్దంటోంది. అబ్బాయికేం చెప్పాలి, నేనేం చేయాలి? (పేరు వేయొద్దు)

జవాబు: అన్నా, ముందు మీ కాగితం సంగతి. సంతకం పెట్టొద్దు. అడ్వాన్స్ ముట్టుకోవద్దు. పాసుపుస్తకం జిరాక్సు కూడా చేతికివ్వొద్దు. వదిన చెప్పిందే కరెక్టు.

మీరు పంపిన ఫొటోని పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. కంపెనీ పేరు రాయాల్సిన చోట చుక్కలే ఉన్నాయి. ‘భూ ఉపరితల, భూగర్భ సకల హక్కులు’ అని రాసుకున్నారు. రెండో పేజీ అడుగున ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘గడువు తీరిన పిమ్మట సదరు భూమిని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి స్వాధీనపరచగలము.’ 1993లో మా నాన్న సంతకం పెట్టిన కాగితంలోనూ ఇదే మాట, పొల్లు పోకుండా ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు కిందున్న గ్యాస్ ఎవరిదో తేల్చుకుందాం.

అమెరికాలో పొలం కొన్నవాడికి మామూలుగా కిందున్న చమురు, గ్యాస్ కూడా చెందుతాయి. పాత యజమాని ఆ హక్కుని విడిగా అమ్ముకుని ఉంటే తప్ప. అందుకే కంపెనీ మీ అబ్బాయి గుమ్మం తొక్కింది. మన దగ్గర అలా కాదు. చమురు, గ్యాస్ ప్రభుత్వానివి. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం కింద లీజు ఇచ్చేది ప్రభుత్వం, రాయల్టీ జమయ్యేదీ ప్రభుత్వ ఖజానాకే. రైతుకి దక్కేది పైన మట్టికి, పంటకి నష్టపరిహారం. అంటే ఆ ఏజెంటు అడుగుతున్న భూగర్భ హక్కు మీ దగ్గర లేనే లేదు. మరి 50 వేలు దేనికిస్తున్నాడు? మీ పైమట్టి మీద పదేళ్లపాటు తన పేరు తగిలించడానికి. రేపు ఆ పక్కగా రోడ్డో, సోలారో, ఇంకేదో వస్తే మీ పొలం బేరం మీకంటే ముందు ఆయనే మాట్లాడతాడు.

ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ కాని పదేళ్ల కాగితం లీజుగా చెల్లదు. చెల్లదులే అని ధీమాగా సంతకం పెట్టినవాళ్లని నేను చూశాను. చెల్లని కాగితం కూడా కోర్టు వాయిదాలకి తిప్పడానికి బాగా పనికొస్తుంది. మీ మోకాళ్లతో ఆ మెట్లెక్కే టెన్షన్ మీకెందుకు?

నిజంగా కంపెనీ వస్తే టీ కొట్టులో మాట విని రాదు. లైసెన్సుతో వస్తుంది, కలెక్టరాఫీసు నుంచి తహసీల్దారు దాకా కాగితాలు కదులుతాయి, ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు కావాలో రాతపూర్వకంగా ఉంటుంది. షేల్ గ్యాస్ (లోతైన రాతి పొరల్లో ఇరుక్కున్న గ్యాస్) కోసం కేంద్రం 2013లో విధానం తెచ్చి ముందుగా ప్రభుత్వ కంపెనీలైన ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకి తలుపు తీసింది. ఆ విధానం కింద గుజరాత్‌లో జంబూసర్ దగ్గర తొలి బావి తవ్వారు. ఇన్నేళ్లయినా అమెరికాలోలాగా ఊరూరా బావులు పడలేదు. మీ ఏజెంటుకి ఇవేవీ తెలిసినట్టు లేదు, కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు.

ఇక మీ అబ్బాయి. వాడి పరిస్థితి వేరు. వాడికి నిజంగానే అమ్ముకునే హక్కు ఉండొచ్చు, వచ్చే డబ్బూ నిజమే. ఆ డబ్బుతో అప్పులు తీర్చుకుని పాడి నిలబెట్టుకున్న రైతులు ఆ రాష్ట్రంలో ఉన్నారు. కాబట్టి వాడికి ‘వద్దు’ అని ఒక్క ముక్కలో చెప్పలేను. ముందు అక్కడ చేసే పనేంటో చూద్దాం.

అక్కడ కింద మార్సెల్లస్ అని పలకల్లాంటి షేల్ రాయి పొర ఉంటుంది. చాలాచోట్ల మైలు లోతున. బావి నిట్టనిలువుగా దిగి, ఆ పొరలోకి వెళ్లాక అడ్డం తిరిగి ఇంకో మైలు, అంతకంటే ఎక్కువ దూరం పోతుంది. అప్పుడు నీళ్లు, ఇసుక, కొద్ది పాళ్లలో రసాయనాలు కలిపి విపరీతమైన ప్రెషర్‌తో కొడతారు. రాయి పగుళ్లిస్తుంది. ఇసుక రేణువులు ఆ పగుళ్లు పూడిపోకుండా పట్టి ఉంచుతాయి. గ్యాస్ పైకొస్తుంది.

తొలి ఏళ్లలో ఒక్కో బావికి 40 లక్షల గ్యాలన్ల నీళ్లు పట్టడం అక్కడ మామూలు. అంటే కోటిన్నర లీటర్లు. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ మన లెక్కలో చూడండి. ఎకరా వరికి పంటకాలమంతా కలిపి 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టామనుకుంటే దాదాపు 48 లక్షల లీటర్లు. ఆ బావి తాగేది మూడెకరాల వరి తాగినంత. సోమశిల నీళ్లతో మాగాణి చేసే మనల్ని ఈ లెక్క భయపెట్టదు. నాకు భయం లోపలికి పోయే నీళ్లతో కాదు, మళ్లీ పైకొచ్చే నీళ్లతో. ఆ రాతి పొరలో ఎప్పటి నుంచో ఇరుక్కున్న ఉప్పు వాటితో పాటు వస్తుంది. మార్సెల్లస్ బావుల నుంచి వచ్చే నీళ్లు సముద్రపు నీళ్లకంటే కొన్ని రెట్లు ఉప్పన. బేరియం, రేడియం లాంటివీ ఉంటాయి. ఆ నీళ్లని ట్యాంకుల్లో పట్టాలి, లారీల్లో తోలాలి, ఎక్కడో ఒకచోట పారెయ్యాలి లేదా శుద్ధి చేసి మళ్లీ వాడుకోవాలి. ఒక్క కవాటం కారినా, ఒక్క గుంటకి గండి పడినా అది చేరేది పొలంలోకే.

ఉప్పు అంటే ఏంటో నాకు పుస్తకం చదివి తెలియలేదన్నా.

మాది విడవలూరు మండలం, సముద్రానికి దగ్గర ఊరు. 1993లో టైగర్ రొయ్య జోరు మీద ఉంది. మాకు కాలువ చివర నాలుగున్నర ఎకరాల కయ్య. మొలగొలుకుల వరి పండేది. చివరి భూమి కాబట్టి నీళ్లు ఆలస్యంగా వచ్చేవి, ఎడగారు (రెండో పంట) అయితే పండితే పండినట్టు. అలాంటి చోట బయటినుంచి ఒక పార్టీ వచ్చి, వరి కౌలుకి మూడు రెట్లు ఇస్తాం, అయిదేళ్లు, అన్నారు. మా నాన్న సంతకం పెట్టాడు. నా పెళ్లి ఖర్చు ఆ డబ్బుతోనే గడిచింది, కాదనను.

మొదటి ఏడాది డబ్బు చెప్పిన రోజుకే ఇచ్చారు. రెండో ఏడాదీ ఇచ్చారు. 1994 చివర్లో మా వైపు తెల్లమచ్చ రోగం వచ్చింది. రొయ్య తలమీద పెంకు కింద బియ్యపు నూకల్లాంటి మచ్చలు. పొద్దున గట్టెక్కి చూస్తే ఒడ్డు పొడుగునా ఎర్రబడి తేలుతున్నాయి, కాకులు కూడా తిని తిని వదిలేశాయి. పార్టీ వాళ్లు ఒక రాత్రి ఏరేటర్లు, మోటార్లు లారీకెత్తుకుని పోయారు. మిగిలింది పీవీసీ పైపు ముక్కలు, మేత సంచులు. మాట ప్రకారం భూమిని ‘ఉన్నది ఉన్నట్టుగా’ అప్పగించారు.

నీళ్లు ఆరాక నేల మీద తెల్లగా పిండి చల్లినట్టు పేట్లు లేచాయి. మా నాన్న చిటికెడు మట్టి తీసి నాలుక కొసకి అద్దుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ మట్టిని ఉమ్మెయ్యకుండా అలాగే కాసేపు నిలబడ్డాడు. ఆ ఏడాది గట్లు చదును చేయించి నాట్లు వేస్తే పదో రోజుకి ఆకు కొసలు కాలినట్టయ్యాయి. ఇంటి వెనక బావిలో నీళ్లు మారాయి. ఆ నీళ్లు పోసి టీ పెడితే పాలు విరిగిపోయేవి. మా అమ్మ రోజూ పొద్దున్నే అర కిలోమీటరు అవతల చేతిపంపు దగ్గర బిందె పెట్టుకుని నిలబడేది. నా పెళ్లికి అప్పు చేయనందుకు ఆమె ఆ బిందె ఆరేళ్లు మోసింది.

అన్నిటికంటే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది మా గట్టు అవతలి రైతు కయ్య. ఆయన రొయ్యలకి ఇవ్వలేదు, పైసా తీసుకోలేదు. అయినా మా చెరువు నీళ్లు ఊరి ఆయన రెండెకరాలూ ఉప్పెక్కాయి. ఆయన మా నాన్నతో ఒక్క మాట కూడా అనలేదు, మాట్లాడ్డం మాత్రం మానేశాడు. మా నాన్న పోయిన రోజు వచ్చి వీధి అరుగు మీద కూర్చుని వెళ్లాడు. ఆ కాగితంలో ఆయన ఊసే లేదు.

ఆ తర్వాతే నేను వ్యవసాయ శాఖలో చేరాను. ఆ నేలని బాగు చేసింది ఏ మందూ కాదు, మంచినీళ్లు. మడి నిండా కాలువ నీళ్లు పెట్టి, నిలవుంచి, మురుగు కాలువలోకి తీసేయడం. మళ్లీ పెట్టడం, మళ్లీ తీయడం. మధ్యలో జీలుగ వేసి కలియదున్నడం. మట్టి పరీక్షలో లవణం లెక్క 4 దాటితే దాన్ని చౌడు కింద కడతాం. మాది మొదట 11 చూపింది. ఎకరాకి రెండు పుట్లు కళ్లచూడ్డానికి ఏడేళ్లు పట్టింది. అదీ కాలువ ఉంది కాబట్టి. తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబర్‌లో వచ్చింది. అప్పటికే మా బావి ఉప్పెక్కి ఏడాది దాటింది.

అందుకే మీ అబ్బాయికి చెప్పేటప్పుడు డబ్బు సంగతి కంటే ముందు నీళ్ల సంగతి చెప్పండి. వాడి రాష్ట్రంలోనే డిమాక్ అని ఒక చిన్న ఊరుంది. మొదట్లో అక్కడ కొందరు ఎకరాకి 25 డాలర్లకే సంతకాలు పెట్టారు. రెండేళ్లకి అదే రాష్ట్రంలో ఎకరాకి వేల డాలర్లు పలికింది. అది ఆ ఊరివాళ్లకి చిన్న బాధ. పెద్ద బాధ 2009 జనవరి 1న మొదలైంది. ఒకావిడ ఇంటి నీళ్ల బావి పేలి, మీదున్న కాంక్రీటు పలక పగిలిపోయింది. గ్యాస్ బావులు సరిగా కట్టకపోవడం వల్ల మీథేన్ గ్యాస్ తాగునీటి పొరల్లోకి చేరిందని రాష్ట్ర అధికారులు తేల్చారు. ఆ గొడవ 2022 నవంబర్ దాకా సాగింది. చివరికి కంపెనీ కొత్త మంచినీటి లైను కోసం కోటీ 60 లక్షల డాలర్లకు పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. పదమూడేళ్లన్నా. అందుకే బావి తవ్వకముందే తన పొలంలో, చుట్టుపక్కల ఇళ్లలో నీళ్లని సొంత ఖర్చుతో, గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోమనండి. పెన్సిల్వేనియా 2012 చట్టం ప్రకారం ఫ్రాకింగ్ బావికి 2,500 అడుగుల లోపు, పని జరిగిన 12 నెలల లోపు నీళ్లు చెడితే తప్పు కంపెనీదేనని ముందుగానే అనుకుంటారు. కాదని చూపించే భారం కంపెనీది. పాత రిపోర్టు చేతిలో లేకపోతే ‘మీ నీళ్లు మొదటినుంచీ ఇంతే’ అనేస్తారు.

ఎనిమిదో వంతు అనగానే మీవాడు సంబరపడ్డట్టున్నాడు. అది కంపెనీ ఉదారంగా ఇచ్చేది కాదు. 1979 నుంచీ ఆ రాష్ట్రంలో చట్టం పెట్టిన కనీసమే అది. దానికంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు, ఎక్కువ అడగడానికి అడ్డు లేదు. పైగా గ్యాస్‌ని శుద్ధి చేసి, పైపులో తోలినందుకయ్యే ఖర్చుని పట్టుకుని మిగిలిందాంట్లో ఎనిమిదో వంతు లెక్కేయొచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ‘ఏ ఖర్చూ పట్టుకోకూడదు’ అని లీజులో రాయించుకోకపోతే చెక్కు చూసి నిరాశపడతాడు. గడువు అయిదేళ్లని రాసినా, ఒకసారి గ్యాస్ రావడం మొదలైతే వచ్చినంతకాలం లీజు నడుస్తూనే ఉంటుంది. ముప్పై ఏళ్లయినా సరే. పొలం మీద బ్యాంకు అప్పుంటే బ్యాంకుతోనూ మాట్లాడాలి. ఇద్దరు స్నేహితులూ ఒక మాట మీద ఉండాలి. ఇవన్నీ కంపెనీ లాయరు చెప్పడు, వాడి సొంత లాయరు చెప్పాలి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నా. పైన నేల ముట్టుకోకుండా, పక్క ఎక్కడో తవ్విన బావి అడుగునుంచి వచ్చి గ్యాస్ తీసుకునే లీజు కూడా ఉంటుంది. బావి, చెరువు, రోడ్డు, ట్యాంకు ఏదీ తన 52 ఎకరాల మీద పెట్టకూడదని రాసిస్తే ఆలోచించమనండి. పొలం నడుమే బావి పెడతామంటే, చుట్టూ ఇళ్లవాళ్లు ఆ భూగర్భజలమే తాగుతుంటే, నేనైతే ఇవ్వను. ఎంతిచ్చినా ఇవ్వను. సంతకానికి ముందు ఒకసారి గట్టు అవతలివాళ్ల ఇంటికెళ్లి కూర్చుని మాట్లాడమనండి. మా నాన్న చేయని పని అదొక్కటే.

మీ ఆరెకరాలకి వస్తే, మీకు కావాల్సింది గ్యాస్ కాదు, సకాలంలో చేతికొచ్చే కౌలు. మీ కౌలుదారు మంచివాడైతే ఆయనకి సాగు హక్కు కార్డు కాగితం మీద సంతకం పెట్టివ్వండి. బ్యాంకు అప్పు పుడితే మీ కౌలూ వేళకి వస్తుంది. ఏజెంటు మళ్లీ వస్తే నా పేరు చెప్పండి, ఫర్వాలేదు.

ప్రశ్న: పొదలకూరు మండలంలో మా నిమ్మతోట మధ్యగా గ్యాస్ పైపులైను వేస్తామని నోటీసిచ్చారు. భూమి పోయినట్టేనా? (ఒక గృహిణి)

జవాబు: పోదమ్మా. 1962 నాటి పైపులైన్ల చట్టం కింద వాళ్లు తీసుకునేది వాడుకునే హక్కు మాత్రమే, పట్టా మీదే. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపు మీ అభ్యంతరం రాతగా ఇవ్వాలి. ఆ తేదీ దాటనివ్వొద్దు. నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం, దానికి తోడు చెట్లకీ పంటకీ జరిగిన నష్టం ఇస్తారు. తక్కువ కట్టారనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

మెలిక ఇక్కడ ఉంది. పైపు వేశాక ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి రైతుకి వచ్చే ఏడాది మళ్లీ వరి వస్తుంది, మీకు ఆ వరసల్లో నిమ్మ మళ్లీ రాదు. కాబట్టి ఈ ఏడాది కాయకి కాదు, చెట్టుకి మిగిలిన కాపు కాలమంతటికీ లెక్క కట్టమనండి. ఉద్యానాధికారిని పిలిచి చెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టించి, వయసు రాయించి, సంతకం తీసుకోండి. తవ్వేటప్పుడు పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయించి, పూడ్చేటప్పుడు పైది పైకే రావాలని దగ్గరుండి చూసుకోండి. కోనసీమలో నగరం గ్రామం దగ్గర 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. లైను పక్కన పాతిన రాళ్ల మీది అత్యవసర ఫోన్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. తోటలో మట్టి బుడగలు పోసినా, వాసన మారినా మోటారు వేయకుండా ముందు ఆ నంబరుకి చేయండి.

ప్రశ్న: నేను కౌలురైతుని. ఓనరు ఎవరికో లీజుకిస్తున్నారని విన్నాను. పొట్టకొచ్చిన పైరు ఉంది. నన్నెవరూ అడగలేదు. (కొడవలూరు మండలం)

జవాబు: తమ్ముడూ, ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నన్ను నిద్రపోనివ్వనిది నీదే. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు నీకుంటే పైరు మీద హక్కు నీదే, ఓనరు కూడా కాదనలేడు. కార్డు లేకపోతే రేపే రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఈ-క్రాప్ (పంట నమోదు)లో నీ పేరు ఉందో లేదో చూడు. సర్వే రాయి కనిపించేలా పైరులో నిలబడి ఆ రోజు పేపరు పట్టుకుని ఫొటోలు తీయించుకో. విత్తనం, ఎరువుల బిల్లులు, కౌలు ఇచ్చినప్పటి ఫోన్‌పే మెసేజీలు ఒక కవరులో పెట్టు. కోత అయ్యేదాకా నేలలో ఎవరూ దిగకూడదని తహసీల్దారుకి అర్జీ ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకో. ఆ తర్వాత ఓనరు దగ్గరికి వెళ్లు. గొడవకి కాదు, కోత తేదీ చెప్పడానికి. అర్జీ రాయడం కష్టమైతే శనివారం కోవూరు వచ్చేయ్, నేను రాసిస్తాను.